సముద్రాల రాణికి ఆధారం

అమెరికాలో మా క్యారీ ఊళ్ళో గత పదిహేనేళ్ళలో పుట్టిన తెలుగు పిల్లల్లో సగం మందికి పేర్లు పెట్టింది ఒకే ఒక్క మనిషి. ఆయన పురోహితుడు కాదు, పండితుడు కాదు, ఆ పిల్లల్లో ఎవరికీ వేలు విడిచిన మేనమామ కూడా కాదు. పేరు వీరభద్రరావు. మందుల కంపెనీలో కాగితాలు సరిచూసే ఉద్యోగం. అరవై దాటినా రిటైరయ్యే ఆలోచన లేదు. ఆయన్ని నేను పద్దెనిమిదేళ్ళుగా ఎరుగుదును, అందులో ఏడేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేశాం. ఆయన గురించి ఒక మంచి మాట చెప్పమంటే చెబుతాను. ఆఫీసులో అంత నిక్కచ్చి మనిషి ఇంకొకడు లేడు. తక్కిన మాటలన్నీ ఇంకో రకం.

మందుల కంపెనీ అంటే కాగితాల కంపెనీ. ఒక మాత్ర బయటికి రావాలంటే దాని వెనక గదినిండా రికార్డులుండాలి. ఎవరు తూచారు, ఎప్పుడు తూచారు, ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది, అన్నిటికీ ఆధారం చూపించాలి. ఖాళీ గడి వదలకూడదు. రాయడానికేమీ లేకపోతే అడ్డంగా గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వెయ్యాలి. అవన్నీ ఉన్నాయో లేదో చూడ్డమే వీరభద్రరావు గారి పని. నేను పరీక్షల అంకెల్ని పట్టికల్లో పేర్చే మనిషిని. ఒకసారి నా నలభై పేజీల రిపోర్టులో ఒక్క అంకెకి ఆధారం రాయలేదని మూడుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి స్వయంగా నా బల్ల దగ్గరికొచ్చి నిలబడి, ఇది ఎక్కడ చూశావమ్మా, కాగితం చూపించు, అన్నాడు. నా దగ్గర లేదు. తల దించుకుని ఆ పూటంతా వెతికి తెచ్చాను.

ఆ మనిషే శనివారం పొద్దున స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడంటే ఇక ఆధారంతో పనే లేదు. పురిటి బిడ్డల తల్లిదండ్రులు పళ్ళు, సుబ్బులు గారికి ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని వరసగా వచ్చేవాళ్ళు. సుబ్బులు గారంటే ఆయన భార్య. వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చి, పళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయేది. వెనక మూడు అరల నిండా నిఘంటువులు. వాటి అట్టల మీది ప్లాస్టిక్ కాగితం కూడా తీసి ఉండదు.

వచ్చేవాళ్ళు తక్కువవాళ్ళా అంటే, అదీ లేదు. వాళ్ళ షరతులు నాలుగు. నక్షత్రం ప్రకారం మొదటి అక్షరం పడాలి. అమెరికా వాళ్ళకి నోరు తిరగాలి. ఇంకెవ్వరికీ ఆ పేరు ఉండకూడదు. అర్థం మాత్రం వేదమంత్రంలా గంభీరంగా ఉండాలి. ఈ నాలుగూ కుదిరే మాట ఈ భూమ్మీద లేదు కాబట్టి ఆయన పుట్టించేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

మా పక్క వీధి రాజ్, రేణు దంపతులు తమ ఇద్దరి పేర్లూ కలిసి రావాలన్నారు. 'రారేణ్య' అన్నాడాయన. అదేం మాట అని అడిగితే వరేణ్యుడంతటివాడని అర్థమట. ఎలా అంతటివాడయ్యాడో ఎవరూ అడగలేదు. ఇద్దరూ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి పిల్లాణ్ణెత్తుకుని వెళ్ళిపోయారు. తన సొంత కొడుక్కి మాత్రం తాతగారి పేరే, కోటేశ్వరరావు. ఆ అబ్బాయి ఇప్పుడు హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ కోటీ అని పిలిపించుకుంటున్నాడు. మీవాడికి ఇలాంటి పేరు పెట్టలేదేం అని ఒకసారి అడిగాను. మా నాన్న పేరమ్మా అది, దానికి అర్థంతో పనేముంది, అన్నాడు. ఊరి పిల్లలైతే ప్రయోగాలకి పనికొస్తారు కాబోలు.

ఇంతలో ఆయన ఎక్కడో ఒక వ్యాసం చదివాడు. సంస్కృతమూ, యూరప్ భాషల్లో చాలా భాగమూ ఒకే కుటుంబం, అక్కచెల్లెళ్ళ వరస అని అందులో ఉంది. అది నిజమే, కాదన్నవాళ్ళు లేరు. కానీ అక్కచెల్లెళ్ళంటే ఆయనకి ఆనలేదు. సంస్కృతాన్ని అందరికీ తల్లిని చేసేశాడు. అప్పట్నుంచి ప్రతి పేరుకీ లాటిన్‌లో ఏమంటారు, జర్మన్‌లో ఏమంటారు అని తోకలు తగిలించడం మొదలైంది. తల్లిదండ్రులకది మరీ నచ్చింది. స్కూల్లో టీచరు ముందు చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇదంతా నాకు తెలిసి, నేనూ ఆయన్నే అడిగాను. ఇక్కడ నన్ను నేను వెనకేసుకురాను.

పన్నెండేళ్ళ కింద మా అమ్మాయి పుట్టినప్పుడు పేరు తేల్చుకోలేకపోయాం. ఆసుపత్రిలో జనన పత్రాలు రాసే ఆవిడ మధ్యాహ్నంలోగా ఫారం ఇచ్చెయ్యమంది. మఖ నక్షత్రం, మా, మీ, మూ, మే. మా ఆయన చైతన్య హడావుడిగా వీరభద్రరావు గారికి మెసేజ్ పెట్టాడు. నలభై నిమిషాల్లో జవాబొచ్చింది. 'మేరిష. మేర అంటే ప్రాచీన సంస్కృతంలో సముద్రం. ఈశ అంటే ఏలే తల్లి. జర్మన్లు మేర్ అన్నా, ఫ్రెంచివాళ్ళు మేర్ అన్నా, ఇటలీలో మారే అన్నా, స్పెయిన్‌లో మార్ అన్నా, రష్యాలో మోర్యే అన్నా అన్నీ ఈ మాటకి బిడ్డలే. మీ అమ్మాయి సముద్రాల రాణి.' చైతన్య అది పైకి మూడుసార్లు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. మేరకీ ఈశకీ ఏ సంధి చేస్తే మేరిష అయిందో నాకు అర్థం కాలేదు. అయినా సంతకం పెట్టాను. ఎక్కడ చూశారండీ, కాగితం చూపించండి, అని అడగడానికి నా నోరు రాలేదు.

మూడో వారంలో, పిల్లకి పాలిస్తూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వెతికాను. ఆ మేర్‌లూ మారేలూ నిజంగానే ఒక ఇంటివి. మేర అనే సంస్కృతపు తల్లి మాత్రం ఎక్కడా లేదు. మేర అంటే మనకి తెలిసింది 'చాలా మేరకు' అనే మేర ఒక్కటే. చైతన్యతో చెప్పాను. బర్త్ సర్టిఫికెట్ వచ్చేసింది, సోషల్ సెక్యూరిటీ కార్డ్‌కి అప్లై చేసేశాం, బారసాలకి నూటయాభై మందిని పిలిచాం, అర్థం బాగానే ఉంది కదా, వదిలెయ్ విద్యా, అన్నాడు. వదిలేశాను. వదిలెయ్యడమే కాదు, దానికి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అన్నం ముద్ద ముద్దకీ ఆ కథే చెప్పి తినిపించాను. జర్మనీ పిల్లలు సముద్రాన్ని పిలిస్తే నిన్నే పిలిచినట్టు, రష్యా పిల్లలు పిలిచినా నిన్నే. ఆ కథ లేకపోతే నోరు తెరిచేది కాదు.

పిల్ల ఆ కథని గుండెకి కట్టుకుంది. నాలుగేళ్ళప్పుడు కిరాణా షాపులో బిల్లు వేసే ఆవిడకి చెప్పింది. ఏడేళ్ళప్పుడు ఈత జట్టులో చేరింది. నిజం చెప్పాలంటే దానికి ఈత పెద్దగా రాదు. ప్రతి పోటీలోనూ చివరి నుంచి రెండో స్థానం. మానేస్తావా నాన్నా అంటే, నేనెలా మానేస్తాను, అని నన్నే వింతగా చూసేది.

ఈ ఏడాది ఆరో తరగతి. వాళ్ళ టీచరు ఒక ప్రాజెక్ట్ ఇచ్చింది. చాలా భాషల్లో కనిపించే ఒక మాటని తీసుకుని, అది ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎలా వెళ్ళిందో పటం గియ్యాలి. ప్రతి మాట పక్కనా ఏ పుస్తకంలో చూశారో రాయాలి. మేరిష ఇంకేం తీసుకుంటుంది? రెండు శనివారాలు లైబ్రరీలో కూర్చుని తనే వెతుక్కుంది. నీలం రంగు స్కెచ్ పెన్నుతో లాటిన్ మారే గీసింది. దాని కిందికి ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ దింపింది. పక్కన జర్మన్, రష్యన్, వేల్స్ వాళ్ళ మోర్. డచ్ వాళ్ళకి మేర్ అంటే సముద్రం కాదు, సరస్సు. పాత ఇంగ్లీషులో మీర్ అంటే చెరువు, మత్స్యకన్యని ఇంగ్లీషులో పిలిచే మెర్మెయిడ్ అనే మాటలో ఉన్నదదే. ఊబినేలకి ఇంగ్లీషువాళ్ళు వాడే మార్ష్ కూడా ఈ ఇంటిదే. అన్నీ రాసింది, ఒక్కటీ దాచలేదు. అన్నిటికన్నా పైన సంస్కృతం, మేర అని రాసి, దాని మీద తన పేరు పెద్ద అక్షరాలతో రాసుకుంది. పటమంతటికీ ఆ ఒక్క గడిలోనే ఆధారం ఖాళీ.

ఆ పటం చూసిన ఒక పిల్ల క్లాసులో దీనికి ఊబి రాణి అని పేరు పెట్టింది. రెండు రోజుల్లో బస్సంతా అదే పిలుపు. మేరిష ఏడవలేదు. ఇంటికొచ్చి పటం డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఆ గడి నింపాలి, అంది.

"వీరభద్రరావు అంకుల్‌కి బుక్ ఉంటుంది అమ్మా. లైబ్రరీలో లేని బుక్. అది చూపిస్తే అందరూ నోరు మూసుకుంటారు."

ఆ క్షణాన చెప్పెయ్యాల్సింది. బుక్కూ లేదు, గిక్కూ లేదు, మీ అంకుల్ సోఫాలో కూర్చుని వండిన మాట అది, అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేనేం చేశాను? ఆయనకి ఫోన్ చేశాను. తప్పు ఆయనది కాబట్టి చెప్పాల్సిందీ ఆయనే అని నా లెక్క. మొదటిసారి అదొక ప్రాచీన నిఘంటువు అన్నాడు. రెండోసారి తాళపత్రం అన్నాడు. మూడోసారి, ఉగాది ఫంక్షన్ పనుల్లో ఉన్నానమ్మా, అది అయ్యాక మాట్లాడదాం, అని పెట్టేశాడు. టీచరు ఫంక్షన్ తర్వాతి సోమవారం దాకా గడువిచ్చింది. అప్పటికీ ఆధారం దొరక్కపోతే పై గడి తీసెయ్యమంది. ఆ గడి తీసేస్తే దాని మీదున్న పేరూ పోతుంది. మిగిలేది ఎవరెవరి సముద్రాలో, చెరువులో. పిల్ల సరిగ్గా అన్నం తినడం మానేసింది.

ఫంక్షన్ సంగతి చెప్పాలి. మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు కేశవరావు. రెండేళ్ళకోసారి ఎవరికో ఒకరికి ఒక బిరుదు తగిలించి శాలువా కప్పకపోతే ఆయనకి తోచదు. కిందటిసారి పులిహోర బాగా చేస్తాడని ఒకాయన్ని 'పాక సవ్యసాచి'ని చేశాడు. ఈసారి వీరభద్రరావు గారికి 'నామబ్రహ్మ'. ఆయన పేరు పెట్టిన పిల్లలంతా పట్టు బట్టలతో స్టేజీ ఎక్కి, తమ పేరుకి అర్థం తెలుగులో చెప్పాలి. ఆ తర్వాత శాలువా.

అక్కడే అందరి ముందూ అడగనా, అంది మేరిష. అడుగు, అన్నాను. దాని పట్టు లంగా ఇస్త్రీ చేస్తుంటే నాకు ఎన్నడూ లేని ఉత్సాహం వచ్చింది. పిల్లకి పుస్తకం దొరుకుతుందన్న ఆశ. నాకు ఆయన అడ్డంగా దొరికిపోతాడన్న ఆశ. ఇద్దరం ఒకే కారులో వెళ్ళాం.

హైస్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. పిల్లలు ఇరవై మంది దాకా వరసగా నిలబడ్డారు. ఒకడు తన పేరుకి అర్థం మూడు లోకాల వెలుగన్నాడు. ఒకతి వేదానికి ఊపిరి అంది. రారేణ్య, 'నా పేరు అంటే వరేణ్య లాంటి', అని ఆగిపోతే వాళ్ళమ్మ రేణు కింద నుంచి అందించింది. ఒక్కొక్క పేరు పుట్టుక గురించీ కేశవరావు మైకులో లాటిన్, గ్రీకు అంటూ ఊదరగొట్టి గట్టిగా చప్పట్లు కొట్టించాడు. వీరభద్రరావు గారు మధ్యలో సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని, పెళ్ళికొడుకులా ముసిముసిగా నవ్వుతున్నాడు. ముందు వరసలో సుబ్బులు గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మేరిష వంతు వచ్చింది. సముద్రాల రాణి అని చెప్పి చప్పట్లు ఆగేదాకా నిలబడింది. తర్వాత మడతపెట్టిన పటం విప్పి, మైకుతో సహా ఆయన కుర్చీ దగ్గరికి నడిచింది.

"అంకుల్, మేర అనే వర్డ్ ఏ బుక్‌లో ఉంది? నాకు సోర్స్ కావాలి. మండే లాస్ట్ డేట్."

హాలు ఘొల్లుమంది. ఎంత ముద్దుగా అడిగిందో అని నా వెనక ఎవరో అన్నారు. కేశవరావు మైకు తీసుకోబోయాడు, పిల్ల ఇవ్వలేదు. వీరభద్రరావు గారు నవ్వుతూనే పటం అందుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పై నుంచి కిందికి, ఒక్కొక్క గడీ, పక్కన రాసిన పుస్తకం పేరూ పేజీ నంబరుతో సహా చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వు మానేశాడు. ఖాళీ గడి దగ్గర ఆగాడు. చెయ్యి దానంతటదే లాల్చీ జేబులోకి వెళ్ళి పెన్ను తీసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ గడిలో అడ్డంగా గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేశాడు.

"ఆధారం లేదమ్మా. సంస్కృతంలో ఆ మాట లేదు. నేనే కల్పించాను. తక్కినవన్నీ నువ్వు కరెక్ట్‌గా రాశావు."

మైకు పిల్ల చేతిలోనే ఉంది కాబట్టి హాలంతా వినిపించింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. ఒక్క పేరే కాదండీ, చాలా వరకు, అన్నంత వరకూ నేను విన్నాను.

అప్పటికి కేశవరావు మైకు లాక్కున్నాడు. చూశారా ఎంత వినయమో, ఇంత పాండిత్యం పెట్టుకుని ఏమీ తెలియదంటున్నాడు మహానుభావుడు, గొప్పవాళ్ళ లక్షణం ఇదేనండీ, అన్నాడు. అంతే, హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు. శాలువా పడింది, దండ పడింది, 'నామబ్రహ్మ' అని చెక్కిన ఇత్తడి రేకు చేతిలో పడింది. ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు. మైకు లేకుండా ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది? పద్దెనిమిదేళ్ళలో ఆ మనిషి శనివారపు బట్టల్లో ఒక్క నిజం చెప్పడం అదే మొదటిసారి, దాన్ని నమ్మినవాడు ఆ హాల్లో ఒక్కడు లేడు. తమ బిడ్డల పేర్లు ఉత్త గాలి మాటలని పెద్దమనిషి తన నోటితో చెబుతుంటే ఈలలు వేసి మరీ మెచ్చుకున్నారు. గొర్రెలు కసాయివాణ్ణి నమ్ముతాయంటారు. మావాళ్ళు అంతకన్నా ఘనులు, కసాయివాడు కత్తి కింద పడేసి దణ్ణం పెట్టినా వదలరు. రేణు అయితే నా భుజం తట్టి, మీ అమ్మాయి స్కిట్ భలే చేసింది అండీ, ప్రాక్టీస్ ఎన్ని రోజులు చేయించారు, అని అడిగింది. సుబ్బులు గారు మాత్రం లేవలేదు. నేనూ లేవలేదు, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

భోజనాలకి ఆగకుండా బయల్దేరాం. చైతన్య ఏవో కుర్చీలు సర్దాలని అక్కడే ఉండిపోయాడు. కారులో మేరిష ముందు సీట్లో పటం ఒళ్ళో పరుచుకుని, ఆ గీతనీ, తేదీనీ చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఓదార్చాలనిపించింది. నాకు ఓదార్చడం కన్నా తిట్టడం బాగా వచ్చు కాబట్టి, ఆ హాల్లో వాళ్ళందరినీ తిట్టాను. ఒక్కళ్ళకీ బుర్ర లేదన్నాను. అంతమందిలో నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టలేదు, చూశావా, అన్నాను.

అది తల తిప్పి నాకేసి చూసింది.

"అంకుల్ చెప్పినప్పుడు నీకు షాక్ రాలేదు. నీకు ముందే తెలుసా?"

సిగ్నల్ దగ్గర ఆగాం. అబద్ధం చెప్పడానికి టైముంది, చెప్పలేకపోయాను. తల ఊపాను. ఎప్పట్నుంచి అని అడిగింది. నువ్వు పుట్టిన మూడో వారం నుంచి అన్నాను.

మేరిష పటాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది.

"అంకుల్ చెప్పారు," అంది. "నువ్వు చెప్పలేదు."

పచ్చ లైటు పడింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను కారు కదపలేదు.